ఒక రివాల్వరూ, వెయ్యి ఒకవేళలూ

వెర్లిన్ స్టాకీ నోట్లోంచి రోజూ అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే మాట భార్య పేరు కాదు, దేవుడి పేరు అంతకంటే కాదు. ‘ఒకవేళ’ అన్న మాట. పొద్దున్నే కళ్లు తెరిచి కిటికీలోంచి ఆకాశం చూసి, “ఒకవేళ వడగళ్లు పడితే” అనేవాడు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేకపోతే, “ఒకవేళ అసలు వానే పడకపోతే” అనేవాడు. అమెరికాలోని మోంటానాలో పశువులు పెంచేవాళ్లకి దిగులు కొత్తేమీ కాదు. డ్రై ఫోర్క్ ఊళ్లో అందరికీ ఎంతో కొంత ఉండేది. కాకపోతే మిగతావాళ్లు వచ్చిన కష్టానికి దిగులుపడేవాళ్లు. వెర్లిన్ వచ్చినవాటికీ, రాబోయేవాటికీ, వచ్చే దారే లేనివాటికీ కలిపి పడేవాడు.

పెళ్లినాడు ఆయన రెండు ఉంగరాలు తెచ్చాడు, ఒకటి చర్చి నేల చెక్కల సందులో పడిపోతే ఎలాగని. ఒకటి నిజంగానే పడిపోయింది. రెండోది జేబులో భద్రంగా ఉందో లేదో చూసుకోబోతే మోచెయ్యి తగిలి మొదటిది పడిందన్న సంగతి ఆయన భార్య ఆర్డిస్ ఇప్పటికీ మరిచిపోలేదు. వెర్లిన్ మాత్రం ఆ కథని తన ముందుచూపుకి సాక్ష్యంగా చెప్పుకుంటాడు.

అన్నేళ్లు కాపురం చేశాక ఆర్డిస్‌కి ఆ ఒకవేళల్లో రకాలు తెలిశాయి. భోజనం చేస్తూ అనేది ఉత్తుత్తి ఒకవేళ. దానికి బదులు చెప్పక్కర్లేదు. ట్రక్కు దిగకుండా స్టీరింగ్ పట్టుకుని అనేది కాస్త గట్టిది. దానికి ఇంటికి తిరిగెళ్లి స్టవ్ ఆరిందో లేదో చూసి రావాలి. ఇక టోపీ తీసి, జవాబేదో అందులో దాచిపెట్టినట్టు లోపలికి చూస్తూ అన్నాడంటే అది అసలైన ఒకవేళ. టోపీ తీసిన రోజున ఆర్డిస్‌కి కూడా అన్నం సయించేది కాదు.

ఇక ఆయన రివాల్వర్ సంగతి. కుర్రతనంలో కొన్నది, ఆరు తూటాలది, పాత కాలపు మోడల్. కంచెలు చూడ్డానికి వెళ్లినా, ఊళ్లోకి ఉప్పు కొనడానికి వెళ్లినా అది నడుముకి ఉండాల్సిందే. ఆ పాత రకం రివాల్వర్లలో వెనక సుత్తి ఒక చిన్న ములుకు మీదుగా తూటా వెనక ఆనుకుని ఉంటుంది. సుత్తి మీద చిన్న దెబ్బ పడితే చాలు, ఎవరూ ట్రిగ్గర్ నొక్కకుండానే పేలుతుంది. అందుకని అక్కడివాళ్లు ఆరు గదుల్లో ఐదే నింపి, ఖాళీ గది సుత్తి కిందకి వచ్చేలా ఉంచుకుంటారు. వెర్లిన్ రోజూ పొద్దున్నే పాన్‌కేకుల ముందు కూర్చుని, “ఒకటి పెట్టు, ఒకటి వదిలెయ్, నాలుగు పెట్టు” అని పైకే అనుకుంటూ నింపేవాడు. తర్వాత అనుమానమొచ్చి అన్నీ తీసి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆర్డిస్ పాన్‌కేకులు ఆ లెక్కతోనే తిరగేసేది. నాలుగు పెట్టు అన్నాడంటే ఒకవైపు కాలినట్టు.

ఇంత శ్రద్ధగా నింపుకునే మనిషి దాన్ని పేల్చగా చూసినవాళ్లు ఊళ్లో లేరు. జూలై పండగకి అందరూ చేరి డబ్బాలు కొడుతుంటే, “ఒకవేళ రాయికి తగిలి వెనక్కొస్తే” అని తప్పుకునేవాడు. దారిలో గిలకపాము కనిపిస్తే చేతిలో పార ఉంటే పారతో పక్కకి నెట్టేవాడు, లేకపోతే ఆగి దానికి దారి ఇచ్చేవాడు. అదేమిటయ్యా అని ఎవరైనా అడిగితే, “ఒకవేళ అది వెళ్లిపోదామనే అనుకుంటోందేమో” అనేవాడు. పాము మనసు కూడా ఆలోచించే పశువుల కాపరి వెర్లిన్ ఒక్కడేనని కేఫ్ నడిపే గోల్డీ ఆయన వెనకాలే కాదు, ఎదుట కూడా అనేది.

ఆ రివాల్వర్ తోలు ఒరకి ఒక గుణం ఉంది. వాన తడి తగిలితే స్కంక్ కంపు కొట్టేది. పిల్లంత ఉండే ఆ చారల జంతువు తోకెత్తి కంపు నీళ్లు చిమ్మిందంటే ఆ మనిషి నెల్లాళ్లు చర్చిలో ఆఖరి బెంచీ మీద ఒంటరిగా కూర్చోవాలి. టమాటా రసంతో ఒళ్లు కడుక్కుంటే పోతుందంటారు కానీ పోదు, ఊరికే ఒళ్లు ఎర్రబడుతుంది. ఆ కంపు పట్టింది ఎప్పుడో ఆర్డిస్‌కి గుర్తే. ముప్పయ్యేళ్ల కిందట, పక్క పొలం డెల్మర్ ఫోస్ భార్య ఓపల్ చనిపోయిన వసంతంలో. ఎక్కడ తగిలించుకొచ్చావని అడిగితే వెర్లిన్ ఏదో నసిగాడు. అప్పటి నుంచి వానాకాలమంతా ఆ ఒర వరండాలో మేకుకి వేలాడేది.

ఇలా సాగుతుండగా దూడలకి ముద్రలేసే రోజుల్లో క్లిఫ్టన్ హోవ్‌డే అనే రైతు ఒక ఘనకార్యం చేశాడు. ఆయనదీ అలాంటి పాత రివాల్వరే. ఐదు నింపాల్సిన చోట ఆరూ నింపి, ఒరతో సహా గుర్రం జీనుకి తగిలించాడు. జీను సర్దుతుండగా కాలు పెట్టే ఇనప రికాబు ఊగి సుత్తికి తగిలింది. ఢామ్మన్న చప్పుడు, ఆయన కాఫీ ఫ్లాస్కుకి అటూ ఇటూ రెండు చిల్లులు. ఫ్లాస్కు ఆయన మోకాలి పక్కనే ఉంది. మర్నాడు క్లిఫ్టన్ ఆ ఫ్లాస్కుని గోల్డీ కేఫ్‌లో బల్ల మీద పెట్టి, వేలు ఒక చిల్లులో దూర్చి రెండో చిల్లులోంచి చూపించాడు. ఊరంతా వచ్చి చూసి వెళ్లింది.

ఆ రివాల్వర్లు తయారుచేసిన కంపెనీ ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉంది, పాత రివాల్వర్లు తమకి పంపిస్తే లోపల ఒక చిన్న ఉక్కు పలక అమర్చి ఇస్తామని. ట్రిగ్గర్ నొక్కితే తప్ప సుత్తి దెబ్బ తూటా దాకా వెళ్లదట. ఖర్చు వాళ్లదే. తీసేసిన పాత ముక్కలు కూడా సంచిలో వేసి తిరిగి పంపిస్తారట. ఊళ్లో ఎవరూ పట్టించుకోని ఆ సంగతి ఫ్లాస్కు పుణ్యమా అని ఒక్కసారిగా అందరికీ గుర్తొచ్చింది. పంపితే పాత వస్తువుగా విలువ పోతుందని కొందరు, సుత్తి లాగినప్పుడు టక టకమనే ఆ పాత చప్పుడు మారిపోతుందని కొందరు. క్లిఫ్టన్ మాత్రం ఆ వాదనల్లోకి దిగలేదు. ఆయన అప్పటికే పార్శిల్ కట్టేశాడు.

ఆర్డిస్ ఆ ఫ్లాస్కు చూసి ఇంటికొచ్చి నిలబడ్డచోటే చెప్పింది.

“దాన్ని పంపించు.”

“ఆలోచిద్దాం” అన్నాడు వెర్లిన్.

“ఆలోచించేదేం లేదు. ట్రక్కులో అది నీకూ నాకూ మధ్య సీటు మీద ఉంటుంది. దాని మూతి నా వైపు. ముప్పయ్యేళ్లుగా నేను మోకాళ్లు తలుపు వైపు మెలిపెట్టుకుని కూర్చుంటున్నా. నా నడుం నొప్పి డాక్టరుకి అర్థం కావట్లేదు గానీ నాకు అర్థమవుతోంది.”

వెర్లిన్ తన ఒకవేళల సంచీ విప్పాడు. ఒకవేళ దారిలో పోతే. ఒకవేళ వాళ్లు పొరపాటున ఇంకెవరిదో పంపిస్తే. ఒకవేళ ఇది అక్కడికి చేరేసరికి కంపెనీ మూతపడితే. ఆర్డిస్ అన్నిటికీ ఓపిగ్గా సమాధానం చెప్పింది. అవన్నీ ఉత్తుత్తివేనని ఆమెకి తెలుసు. చివరికి ఆయన టోపీ తీశాడు. లోపలికి చూశాడు గానీ ఆ ఒకవేళ ఏమిటో పైకి అనలేదు. ఆ రాత్రి ఆర్డిస్ కూడా అన్నం ముట్టలేదు.

ఆ రోజు నుంచి ఆయన తిండి తగ్గింది. కంచె దగ్గర సుత్తి మరిచిపోయి, సుత్తి కోసం వెళ్లి మేకులు మరిచిపోయేవాడు. రివాల్వర్‌ని పెట్టెలో పెట్టి ట్రక్కులో పడేసి ఊళ్లోకి వెళ్లేవాడు, అదే పెట్టెతో తిరిగొచ్చేవాడు. ఇవాళ పోస్టాఫీసులో జనం ఉన్నారనేవాడు. డ్రై ఫోర్క్ పోస్టాఫీసులో జనం అంటే పోస్టుమాస్టరూ, ఆయన పిల్లీ. ఈయనకి ఏదైనా జబ్బు చేసి నా దగ్గర దాస్తున్నాడా అని ఆర్డిస్‌కి భయం పట్టుకుంది. ఒక ఇనప ముక్క కోసం ఏ మనిషీ ఇలా చిక్కిపోడు కదా.

అసలు డ్రై ఫోర్క్‌లో తుపాకీ ఏదైనా బయటికి పంపాలంటే డెల్మర్ కొట్టు ద్వారానే పంపుతారు. ఓపల్ పోయాక కొన్నాళ్లకి డెల్మర్ పొలం అమ్మేసి ఊళ్లో హార్డ్‌వేర్ కొట్టు పెట్టాడు. మేకులు, గొలుసులు, కంచె తీగ, వెనక గోడకి తుపాకులు. లైసెన్సు ఉంది, చెయ్యి మంచిది. ఎవరు ఏం తెచ్చినా ముందు విప్పి, లోపల చూసి, నూనె గుడ్డతో తుడిచి, అప్పుడు పెట్టెలో సర్దేవాడు. పైగా ఆయన వెర్లిన్‌కి చిన్ననాటి స్నేహితుడు. ప్రతి మంగళవారం సాయంత్రం స్టాకీల ఇంట్లో పేకాట, ఆర్డిస్ చేసిన ఆపిల్ పై. అలాంటిది వెర్లిన్ పోస్టాఫీసుకి పోయి, దగ్గరి పట్టణం మైల్స్ సిటీ నుంచి తిన్నగా కంపెనీకి పంపొచ్చా అని అడిగొచ్చాడు.

ఈ సంగతి పిల్లి చెప్పిందో, పోస్టుమాస్టర్ చెప్పాడో, మధ్యాహ్నానికి డెల్మర్ చెవిన పడింది. ఆ మంగళవారం ఆయన పేకాటకి రాలేదు. ఆపిల్ పై చల్లారిపోయింది. మర్నాడు ఆర్డిస్ కొట్టుకి వెళ్తే, తలుపు బందుల పెట్టె సర్దుతూ తలెత్తకుండానే అడిగాడు.

“నా చేతులు అంత అధ్వానంగా ఉన్నాయా ఆర్డిస్?”

“ఆయన సంగతి నీకు తెలీందేముంది” అంది ఆమె.

“ఒకవేళల సంగతి తెలుసు. క్లిఫ్టన్ దాన్ని నా చేతికిచ్చాడు. పాస్టరు గారు వాళ్ల తాతగారి తుపాకీ ఇచ్చారు. వాడు మాత్రం మైల్స్ సిటీ వెళ్తాడట. వెళ్లమను.”

డెల్మర్ గొంతు పెంచే మనిషి కాదు. పెంచితేనే నయమనిపించింది ఆర్డిస్‌కి. ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వెర్లిన్ ముఖం పాలిపోయింది. డెల్మర్ కొట్టుకి వెళ్లమంటే వెళ్లడు. పంపడం మానెయ్యమంటే, మానేస్తే డెల్మర్ ఏమనుకుంటాడో అంటాడు. రెండు వారాలు ఇలాగే గడిచాయి. రెండో మంగళవారం కూడా డెల్మర్ కుర్చీ ఖాళీగానే ఉంది. ఆ కుర్చీని చూస్తూ వెర్లిన్ పేక ముక్కలు ఒంటరిగా పంచుకున్నాడు, తనకోవాటా, డెల్మర్‌కోవాటా.

ఆ మర్నాడు పొద్దున కాఫీ కూడా తాగకుండా, “పద, మైల్స్ సిటీ పోదాం” అన్నాడు. ఆర్డిస్ పెట్టె ఒళ్లో పెట్టుకుని ఎక్కింది. మోకాళ్లు అలవాటుగా తలుపు వైపే తిప్పింది. పొలం దాటి, పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా పరిచిన ఇనప కడ్డీల దగ్గరికి వచ్చేసరికి వెర్లిన్ బ్రేకు వేశాడు. ఇంజన్ ఆపాడు. టోపీ తీశాడు.

“నీకు ఒంట్లో బాగాలేదా? చెప్పెయ్. ఏదైనా సరే” అంది ఆర్డిస్.

“నాకేం కాలేదు. అది పేలదు.”

“ఏది?”

“నీ ఒళ్లో ఉన్నది. ముప్పయ్యేళ్లుగా పేలదు.”

ఆయన మాట మొదలుపెట్టాక ఆగలేదు. ఓపల్ పోయిన వసంతంలో ఊరివాళ్లు డెల్మర్ ఇంట్లోంచి తుపాకులు ఒక్కొక్కటిగా తీసుకొచ్చేశారు. ఒకరు శుభ్రం చేసిస్తామన్నారు, ఒకరు నక్క కోసం కావాలన్నారు. మనిషి మరీ కుంగిపోయినప్పుడు అక్కడ అందరూ చేసే పనే అది. కారణం ఎవరూ పైకి అనరు. డెల్మర్ కూడా ఏమీ అనకుండా ఇచ్చేశాడు. తర్వాత ఒకరోజు వెర్లిన్ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

“గడ్డం మాసిపోయి ఉంది. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. ‘నీ రివాల్వర్ ఓసారి ఇస్తావా’ అన్నాడు. ఎందుకని అడగలేను కదా, మనవాళ్లెవరూ అడగరు. లేదంటే, ఊరంతా తన గురించి ఏమనుకుంటోందో వాడి మొహాన చెప్పినట్టే. ఇస్తే...” వెర్లిన్ టోపీ అంచు నలిపాడు. “కాఫీ తాగుతుండు, నూనె వేసి తెస్తానని షెడ్డులోకి వెళ్లా. సుత్తి దెబ్బని తూటాకి అందించే ములుకు ఉంటుంది చూడు, చిన్నది. దాన్ని బయటికి తీసి ఆకురాయితో కొన అరగదీసి, మళ్లీ పెట్టేశా. ఐదూ నింపి వాడి చేతికిచ్చా.”

కొన్నాళ్లకి డెల్మర్ దాన్ని తిరిగిచ్చాడు. ఒర కంపు కొడుతోంది. థాంక్స్ అన్నాడు, అంతే. ఇన్నేళ్లలో ఆ మాట ఇద్దరి మధ్యా మళ్లీ రాలేదు.

ఆర్డిస్‌కి అప్పుడు ఆ వసంతం మళ్లీ కళ్లకి కట్టింది. వెర్లిన్ రోజూ తెల్లవారకముందే లేచి డెల్మర్ ఇంటికి వెళ్లేవాడు. ఒకవేళ వాడు పొయ్యి ఆర్పకుండా పడుకున్నాడేమో అనేవాడు. ఒకవేళ ఆవు ఈనుతోందేమో అనేవాడు. చినుకు లేని నెలలో, ఒకవేళ పైకప్పు కారుతోందేమో అని కూడా వెళ్లాడు. అక్కడ డెల్మర్‌తో కూర్చుని తినేవాడు, ఇంటికొచ్చి ఈమె చేసింది మళ్లీ తినేవాడు. రెండు పూటల తిండి ఒక్క పూటే తింటున్నావని తను ఎంత సతాయించిందో గుర్తొచ్చి ఆమెకి సిగ్గేసింది. వెంటనే ఇంకోటి గుర్తొచ్చి కోపం కూడా వచ్చింది.

“అయితే నా నడుం ఎందుకు విరిగింది? పేలని తుపాకీకి భయపడి మోకాళ్లు మెలిపెట్టి కూర్చున్నానా నేను?”

“చెబితే నువ్వు మామూలుగా కూర్చునేదానివి. అది చూసి డెల్మర్ కనిపెట్టేసేవాడు.”

“మరి రోజూ పొద్దున్నే ఆ ఒకటి పెట్టు, ఒకటి వదిలెయ్ ఏమిటి?”

“ఒకవేళ పేలితే?”

“ములుకుకి కొనే లేదుగా.”

“లేదనుకో. అయినా” అన్నాడు వెర్లిన్.

కనీసం కొత్త ములుకు తెప్పించి వేసుకోవచ్చు కదా అని ఆర్డిస్ అడిగింది. విడి భాగం కావాలన్నా డెల్మర్ కొట్టే దిక్కన్నాడు. అది నిజమే కానీ అసలు మాట అది కాదని ఆయన ముఖంలో కనిపిస్తోంది.

“ఒకవేళ వాడు మళ్లీ అడిగితే?” అన్నాడు వెర్లిన్.

గిలకపాములకి దారి ఇస్తూ, జూలై పండగల్లో పిరికివాడనిపించుకుంటూ, పనికిరాని ఇనప ముక్కని ముప్పయ్యేళ్లు నడుముకి మోసిన మనిషిని ఆర్డిస్ చూసింది. ఇప్పుడు డెల్మర్ దాన్ని విప్పి చూస్తే, నా ప్రాణ స్నేహితుడే నన్ను నమ్మలేదనుకుంటాడు. అదీ ఈయన భయం. అలాగని విప్పనివ్వకపోతే, ఇప్పుడూ అదే అనుకుంటున్నాడు. రెంటిలో ఏది మేలో ఆమెకీ తెలియలేదు. కానీ డెల్మర్ కుర్చీ మూడో మంగళవారం ఖాళీగా ఉంటే మాత్రం ఆమె చూస్తూ ఊరుకోదల్చుకోలేదు.

“బండి తిప్పు” అంది.

డెల్మర్ కొట్టులో అప్పుడు ఎవరూ లేరు. వెర్లిన్ పెట్టె తెచ్చి గల్లా మీద పెట్టాడు. చెయ్యి మాత్రం దాని మీంచి తియ్యలేదు.

“మైల్స్ సిటీలో బాగా కడతారన్నారే” అన్నాడు డెల్మర్.

“నువ్వే కట్టు” అన్నాడు వెర్లిన్.

డెల్మర్ అతని ముఖం ఓసారి చూసి పెట్టె విప్పాడు. రివాల్వర్ తీసి, మూతి గోడ వైపు పెట్టి, తూటాలు ఒక్కొక్కటీ బయటికి తోశాడు. సిలిండర్ ఊడదీశాడు. సుత్తి కిందకి దించి కిటికీ వెలుతురులో పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. ఆర్డిస్ భర్త చొక్కా వెనక నుంచి పట్టుకుని నిలబడింది. వెర్లిన్ టోపీ తీద్దామనుకుని, అది ట్రక్కులోనే మరిచిపోయినట్టు తెలుసుకుని తల తడుముకున్నాడు.

“దీన్ని ఇంకా మార్చలేదా?” అన్నాడు డెల్మర్.

ఆ ‘ఇంకా’ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావడానికి వెర్లిన్‌కి కొంచెం సేపు పట్టింది.

“నీకు తెలుసా?”

“తెలియకేం. ఐదుసార్లు నొక్కాను కదా. వరండా కింద స్కంక్ చేరింది ఆ వసంతంలో. పొద్దున్నే నా ఎదురుగా వచ్చి కూర్చుంది. రివాల్వర్ పక్కనే ఉంది. గురిపెట్టి నొక్కా. టక్ మంది. మళ్లీ నొక్కా. టక్. అది నన్ను చూస్తోంది, నేను దాన్ని చూస్తున్నా. ఐదోసారి టక్ మనేసరికి దానికి విసుగు పుట్టినట్టుంది. వెనక్కి తిరిగి తోకెత్తింది.” డెల్మర్ రివాల్వర్ కింద పెట్టాడు. “కళ్లు మండిపోతున్నాయి, తలుపు కనపట్లేదు. అక్కడే కూలబడి దీన్ని విప్పి చూశా. చూస్తే ఆకురాయి గీతలు. వెర్లిన్ చెయ్యి నాకు తెలీదా? ఆ కంపులో కూచుని నవ్వా. ఓపల్ పోయాక నవ్వింది అదే మొదలు.”

తర్వాత వెర్లిన్ అడిగాడు, ముప్పయ్యేళ్లుగా అడగనిది.

“స్కంక్ కోసమేనా అడిగావు?”

“అడిగినప్పుడు ఎందుకు అడిగానో నాకే తెలీదు. తర్వాత మాత్రం స్కంక్ కోసమే” అన్నాడు డెల్మర్. “ఆపైన రోజూ పొద్దున్నే వచ్చి, పైకప్పు కారుతోందా అని ఎండలో నిలబడి అడిగేవాడివి. నా గుడ్లన్నీ తినేసేవాడివి. నువ్వు వస్తావని గుడ్లు ఉడకబెట్టడం కోసమైనా లేవాల్సొచ్చేది.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం నువ్వు?”

డెల్మర్ నూనె గుడ్డ తీసుకుని సిలిండర్ తుడవడం మొదలుపెట్టాడు.

“ఒకవేళ నువ్వు బాధపడతావేమోనని” అన్నాడు.

ఆర్డిస్‌కి నవ్వు ఆగలేదు. మేకుల పెట్టె మీద కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఒకడు ముప్పయ్యేళ్లు ఒకవేళ అంటూ దాచాడు, ఇంకొకడు ఒకవేళ అనకుండా దాచాడు. మధ్యలో తన నడుం పోయింది. ఆ మాట పైకే అంది. డెల్మర్ చాలా మర్యాదగా క్షమాపణ చెప్పి, అందుకు బదులుగా రెండు మంగళవారాల ఆపిల్ పై తనకి బాకీ ఉందని గుర్తుచేశాడు.

రివాల్వర్ డెల్మర్ చేతి మీదుగానే కంపెనీకి వెళ్లింది. తిరిగొచ్చే దాకా వెర్లిన్ పడాల్సినంత దిగులూ పడ్డాడు గానీ, అన్నీ భోజనాల బల్ల దగ్గరి రకాలే. వచ్చాక పాత ముక్కల సంచిలోంచి అరిగిన ములుకుని డెల్మర్ తీసుకుని తన తాళాల గుత్తికి కట్టుకున్నాడు. కొత్త పలకతో, కొత్త ములుకుతో ఆ రివాల్వర్ ముప్పయ్యేళ్లలో మొదటిసారి పేలే స్థితికి వచ్చింది. దాన్ని భద్రంగా ఉండటానికి పంపారు, ఇప్పుడే అసలు ప్రమాదం మొదలైందని వెర్లిన్ తేల్చాడు. ఆరు గదులూ నింపుకోవచ్చని కంపెనీవాళ్లు చెబితే, ఈయన ఐదు కూడా నింపడం మానేశాడు. ఇక పొద్దున్నే పాన్‌కేకులు ఎప్పుడు తిరగెయ్యాలో తెలియక ఆర్డిస్ కొన్నాళ్లు మాడ్చింది.

మరుసటి వసంతంలో ఒక పొద్దున డెల్మర్ ట్రక్కు వాకిట్లో ఆగింది. నున్నగా గీసిన గడ్డం, గుండీలన్నీ వాటి చోట. కొట్టు వెనక స్కంక్ చేరిందన్నాడు. తర్వాత మెట్టు మీద కాలు పెట్టి, ఎటో చూస్తూ అడిగాడు.

“నీ రివాల్వర్ ఓసారి ఇస్తావా?”

గోడ నిండా తుపాకులున్న కొట్టు ఆయనది. వెర్లిన్ ఆయన్ని చూశాడు. ఆర్డిస్ గిన్నె చేతిలోనే పట్టుకుని, ఎప్పుడు వస్తుందా ఆ ‘ఒకవేళ’ అని వింటోంది. రాలేదు. వెర్లిన్ లోపలికి వెళ్లి రివాల్వర్ తెచ్చాడు. షెడ్డు వైపు కన్నెత్తి చూడలేదు. ఒకటి పెట్టి, ఒకటి వదిలి, నాలుగు పెట్టి, స్నేహితుడి చేతిలో పెట్టాడు. డెల్మర్ తలూపి వెళ్లిపోయాడు. దుమ్ము సర్దుకునే దాకా ఇద్దరూ వాకిట్లోనే నిలబడ్డారు.

ఆర్డిస్ లోపలికొచ్చి గిన్నె పెట్టేసరికి, వెర్లిన్ సామాన్ల గదిలో ఏదో వెతుకుతున్నాడు. రెండు చేతుల నిండా టమాటా రసం డబ్బాలు తెచ్చి ట్రక్కులో వేశాడు. మళ్లీ వెళ్లి ఇంకో నాలుగు తెచ్చాడు.

“ఇవెక్కడికి?” అంది ఆర్డిస్.

“డెల్మర్ దగ్గరికి. ఒకవేళ గురి తప్పితే?”

ఆమె కోటు తొడుక్కుని ఆయన పక్కన ఎక్కింది. డబ్బాలు వాళ్ల కాళ్ల దగ్గర దొర్లుతున్నాయి. సీటు మధ్యలో ఏమీ లేదు. ఆర్డిస్ మోకాళ్లు తిన్నగా ముందుకి చాపుకుని హాయిగా కూర్చుంది.